పాత బ్యాటరీ – మన బాధ్యత
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద ఎన్ని కుట్టుమిషన్లు ఇచ్చాం, ఎన్ని తోపుడుబండ్లు ఇచ్చాం అని లెక్క చెప్పుకుంటాం. ఈసారి నేను నా తప్పు ఒకటి లెక్క చెబుతాను. కొన్నేళ్ల క్రితం పాత బ్యాటరీల వ్యాపారానికని ఒక యువకుడు సాయం అడిగాడు. సిఫారసు చేసింది నేనే. కష్టపడే మనిషి. ఆరు నెలల తర్వాత ఇంటికి వెళ్లి చూస్తే, పెరట్లో బ్యాటరీలు పగలగొట్టి, యాసిడ్ కాలువలో పారబోసి, సీసం ప్లేట్లు బాణలిలో కరిగిస్తున్నాడు. పక్కనే అతని చిన్న కూతురు ఆ మట్టిలో ఆడుకుంటోంది. ఆ బాణలి కొన్న డబ్బు మనదే.

ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో పేరుకుపోతుంది. నోటి ద్వారా చేరిన సీసాన్ని పెద్దలకంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ గ్రహిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దెబ్బ తినేది మెదడు. ఇంతవరకు ఫరవాలేదు అనదగిన మోతాదే లేదు. అలాంటి బిడ్డకు రేపు మనం స్కాలర్‌షిప్ ఇచ్చి ఏం లాభం?

దీనికి చట్టం ఉంది. 2001 నాటి నిబంధనల స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. పాత బ్యాటరీని బాగుచేసి మళ్లీ అమ్మేవారైనా, దానిలోని లోహాన్ని తీసేవారైనా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదు కావాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. యూనిట్‌కు గాలి, నీటి కాలుష్య చట్టాల కింద అనుమతులు ఉండాలి. మూడు నెలలకోసారి లెక్కలు సమర్పించాలి. తప్పుడు వివరాలిస్తే నమోదు ఐదేళ్ల వరకు రద్దు కావచ్చు.

నమోదుతో లాభమూ ఉంది. బ్యాటరీలు తయారుచేసే కంపెనీలు తమ వంతు పాత బ్యాటరీలు సక్రమంగా రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్లు చూపాలి. ఆ సర్టిఫికెట్లు నమోదైన యూనిట్లకే వస్తాయి, వాటిని కంపెనీలకు అమ్ముకోవచ్చు. నమోదు లేనివాడికి ఆ రాబడి లేదు.

అయితే సీసం కరిగించే యూనిట్ పెట్టడం మన యువకుల్లో చాలామందికి అందని పని. పొగను, యాసిడ్‌ను శుద్ధి చేసే ఏర్పాట్లకే బోలెడంత ఖర్చు. వారికి మరో దారి ఉంది. బ్యాటరీలను పగలగొట్టకుండా, యాసిడ్ ఒలకకుండా, నిలువుగా ఉంచి సేకరించి, నమోదైన యూనిట్‌కు అప్పగించడం. అది గౌరవమైన రోజీ.

అందుకని మూడు మనవులు. ఒకటి, బ్యాటరీ పనికి మనం సాయం చేస్తే, ఇంట్లో పగలగొట్టనని మాట తీసుకుందాం. నమోదైన యూనిట్ ఇచ్చిన రసీదులు చూద్దాం. రెండు, బాగుచేసే పని నిజంగా వచ్చినవారు నలుగురు కలిసి ఒక యూనిట్ పెడితే, నమోదుకయ్యే ఖర్చులు, కాగితాల పని మనం భరిద్దాం. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చో లేదో ఉలమాలను అడుగుదాం. ఈలోగా సదఖా, సాధారణ విరాళాలతో మొదలుపెడదాం.

మూడోది మీ ఇంటి నుంచే. మీ ఇన్వర్టర్, మీ కారు బ్యాటరీ పాడైతే ఎవరికి ఇస్తున్నారు? వీధిలో వచ్చేవాడు కొంచెం ఎక్కువ రేటు ఇస్తాడు. యాసిడ్ శుద్ధి చేసే ఖర్చు అతనికి లేదు కనుక ఇవ్వగలడు. ఆ ఖర్చు ఎక్కడో ఒక పసిబిడ్డ భరిస్తోంది. పొరుగువారి హక్కు గురించి మన దీన్ ఎంత నొక్కి చెప్పిందో మీకు నేను చెప్పనక్కరలేదు. బ్యాటరీ ఇచ్చేముందు, ఇది ఏ యూనిట్‌కు వెళుతుందని ఒక్క మాట అడగండి.

ఆ యువకుడు బాణలి తీసేశాడు. ఇప్పుడు సేకరించి అప్పగించడమే చేస్తున్నాడు. రాబడి మునుపటికంటే తగ్గింది. నిజం దాచను. ఆ లోటు పూడ్చే బాధ్యత అతనొక్కడిది కాదు, మనది.

అల్లాహ్ మన దానాలను ఎవరికీ హాని కానివిగా చేసి స్వీకరించుగాక. ఆమీన్.