మందు ధర ఎక్కడ నిర్ణయమవుతుంది?



హక్కుల గురించి మాట్లాడుకునే సభలో మందుల పేటెంట్లతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్లలో క్యాన్సరో, మొండి క్షయో అడుగుపెడితే ముందుగా పోయేది ఇల్లాలి మెడలోని బంగారం. ఆ తరువాత పిల్లల చదువు. కనుక మందు ధరను ఎవరు, ఎక్కడ, ఏ చట్టం ప్రకారం నిర్ణయిస్తున్నారనేది ముమ్మాటికీ హక్కుల ప్రశ్నే. ఈ సంగతిని నాలుగు వ్యాధుల చరిత్ర ద్వారా మీ ముందు ఉంచదలచాము.

మొదటిది ఎయిడ్స్. మూడు మందులను కలిపి వాడితే హెచ్.ఐ.వి. సోకినవారిని బ్రతికించుకోవచ్చని 1996 నాటికి శాస్త్రజ్ఞులు నిరూపించారు. అది మహత్తరమైన విజయం. అయితే ఆ చికిత్సకు ఒక్కొక్కరికి ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. సంపన్న దేశాలలో రోగులు కోలుకుంటుండగా ఆఫ్రికాలో లక్షలాది మంది మరణిస్తూనే ఉన్నారు. లోకంలో మందు ఉంది, వారి ఊరికి మాత్రం రాలేదు. చౌక మందులు తెప్పించుకునేందుకు నెల్సన్ మండేలా ప్రభుత్వం 1997లో ఒక చట్టం చేస్తే, దానికి వ్యతిరేకంగా 39 మందుల కంపెనీలు కోర్టుకెక్కాయి.

ఆ వ్యాజ్యం నడుస్తుండగానే, 2001 ఫిబ్రవరిలో ముంబైలోని సిప్లా సంస్థ అధిపతి డాక్టర్ యూసుఫ్ హమీద్ ఒక ప్రకటన చేశారు. మూడు మందుల చికిత్సను ఒక అంతర్జాతీయ వైద్య సేవాసంస్థకు ఏడాదికి 350 డాలర్లకే, అనగా రోజుకు ఒక్క డాలరు కన్నా తక్కువకే ఇస్తామన్నారు. ఆయన తండ్రి ఖ్వాజా అబ్దుల్ హమీద్ 1935లో స్థాపించిన సంస్థ అది. ఆ ప్రకటన తరువాత, అసలు ధరకూ అడుగుతున్న ధరకూ మధ్యనున్న అగాధాన్ని లోకమంతా చూసింది. ప్రపంచవ్యాప్త నిరసన నడుమ ఏప్రిల్ నెలలో ఆ కంపెనీలు తమ దావాను ఉపసంహరించుకున్నాయి.

ఇంత తక్కువ ధర ఎలా సాధ్యమైంది? హమీద్ గారి ఉదారత కారణాలలో ఒకటి. దానికి వీలు కల్పించినది మాత్రం మన పార్లమెంటు చేసిన 1970 నాటి పేటెంట్ల చట్టం. అంతకుముందు 1911 నాటి ఆంగ్లేయుల చట్టమే అమలులో ఉండేది. మందు కనుగొన్న కంపెనీకే దానిపై గుత్తాధిపత్యం. 1970 చట్టం దీనిని మార్చింది. మందుపై పేటెంటు ఉండదు, దానిని తయారుచేసే పద్ధతిపై మాత్రమే ఉంటుంది. అదే మందును వేరొక పద్ధతిలో తయారుచేసే స్వేచ్ఛ ఇతరులకు లభించింది. ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. అప్పటికే హైదరాబాదులో ఎందరో రసాయన నిపుణులకు పని నేర్పుతున్నది. ఆ విద్య, ఈ చట్టం రెండూ కలిసినందువల్లనే హైదరాబాదు నేడు మందుల తయారీకి ప్రపంచ కేంద్రాలలో ఒకటిగా నిలిచింది.

ఆ తరువాత గాలి మళ్లింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. దానితో పాటు వచ్చిన ట్రిప్స్ ఒప్పందం ప్రకారం 2005 నుండి మన దేశం కూడా మందులపై 20 సంవత్సరాల పేటెంట్లు ఇవ్వవలసి వచ్చింది. అయితే పేద దేశాల పట్టుదల వల్ల 2001 నవంబరులో ఖతర్ రాజధాని దోహాలో ఒక ప్రకటన వెలువడింది. ప్రజారోగ్యాన్ని కాపాడుకునేందుకు ప్రభుత్వాలు తీసుకునే చర్యలకు ట్రిప్స్ అడ్డు రాకూడదని అందులో అంగీకరించారు. ఆ వెసులుబాటును మన చట్టం రెండు విధాలుగా వినియోగించుకుంది.

ఒకటి తప్పనిసరి లైసెన్సు. 2012లో, కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే ఒక మందును తయారుచేసేందుకు హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు పేటెంట్ల కంట్రోలర్ అనుమతి ఇచ్చారు. నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలున్న ఆ మందు 9 వేల లోపుకు దిగివచ్చింది.

రెండవది చట్టంలోని సెక్షన్ 3(డి). పాత మందుకు స్వల్ప మార్పులు చేసి, గుణం పెరగకపోయినా కొత్త పేటెంటు కోరడాన్ని అది అడ్డుకుంటుంది. క్షయకు వాడే బెడాక్విలిన్ విషయమే చూడండి. దాని గుత్తాధిపత్యాన్ని పొడిగించే ప్రయత్నానికి ఇద్దరు స్త్రీలు అభ్యంతరం చెప్పారు. ఒకరు మన దేశస్థురాలు, మరొకరు దక్షిణాఫ్రికావాసి. ఇద్దరూ క్షయను జయించినవారే. పాత మందుల విషప్రభావం వల్ల వినికిడి కోల్పోయినవారే. 2023 మార్చిలో పేటెంటు కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది.

ఇక కోవిడ్. జర్మనీలో స్థిరపడిన తుర్కీ కుటుంబాల బిడ్డలైన ఓజ్లెమ్ తురెజి, ఉగుర్ షాహిన్ దంపతుల సంస్థ ఏడాదిలోపే టీకాను సాధించింది. ఆ సంస్థకు జర్మనీ ప్రభుత్వం 37 కోట్ల 50 లక్షల యూరోల ప్రజాధనాన్ని కేటాయించింది. టీకాలు, మందులు, పరీక్షల విషయంలో పేటెంటు నియమాలను తాత్కాలికంగా సడలించాలని భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరు 2న ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. నిర్ణయం వెలువడినది 2022 జూన్‌లో! అదీ టీకాలకు మాత్రమే పరిమితమై, ఎన్నో షరతులతో. ఈలోగా లక్షల ప్రాణాలు పోయాయి. న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. 2021లో రెండవ తరంగం విరుచుకుపడినప్పుడు మన దేశమూ టీకాల ఎగుమతిని నిలిపివేసింది. మనపై ఆధారపడిన ఆఫ్రికా దేశాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. దాతల చేతిలోని టీకా ఎప్పుడు ఆగుతుందో తెలియదు. సొంతంగా తయారుచేసుకునే హక్కు ఉన్నప్పుడే ధైర్యం.

సోదర సోదరీమణులారా! ఒక రోగికి మందు కొనివ్వడానికి మనం చందాలు పోగుచేస్తాం, జకాత్ సొమ్ము ఇస్తాం. అది పుణ్యకార్యం, తప్పక కొనసాగాలి. కాని ఆ సొమ్ముతో ఒక రోగికి ఒక నెల గడుస్తుంది. 2012 నాటి ఒక్క ఉత్తర్వు ఆ మందు అవసరమైన ప్రతి రోగికీ ధర తగ్గించింది. మన సంఘాలు ఈ రెండవ పనికీ పూనుకోవాలని మా విన్నపం.

పేటెంటు మంజూరుకు ముందు అభ్యంతరం తెలిపే హక్కు మన చట్టంలో ప్రతి వ్యక్తికీ ఉంది. 2024 నిబంధనలు దానికి రుసుము విధించాయి. సామాన్యులకు అది భారమే. ఆ రుసుమును ఎత్తివేయమని కోరాలి. సంపన్న దేశాలతో వాణిజ్య ఒప్పందాలు చర్చకు వచ్చినప్పుడు, ట్రిప్స్ కోరినదానికి మించిన షరతులకు అంగీకరించవద్దని మన పార్లమెంటు సభ్యులకు లేఖలు వ్రాయాలి. న్యాయశాస్త్రం, ఔషధశాస్త్రం చదువుతున్న మన బిడ్డలు ఈ చట్టాన్ని క్షుణ్ణంగా నేర్చుకోవాలి. రోగులు, వారి కుటుంబాలు ఏ మతం వారైనా సరే, వారితో కలిసి నడవాలి. క్షయను జయించిన ఇద్దరు స్త్రీలు చేయగలిగిన పని మన సంఘాలకు అసాధ్యం కాదు.