పాట ముగిసిన పిమ్మట

సంగీతము నేర్చుకొనుచున్న పిల్ల తోటివారి యెదుట ఒంటరిగా కూర్చుండి, ఒక వర్ణము పాడి ముగించును. క్షణకాలము నిశ్శబ్దము. ఆ పిల్ల కన్నులు గురువుగారి ముఖముమీదనే నిలిచియుండును. ఆ నిశ్శబ్దము తరువాత గురువు పలుకవలసిన మాట యేది? ఇదియే నేటి నా ప్రసంగ విషయము.

మనలో రెండలవాట్లు కలవు. “భేష్” అని ఊరకుండుట యొకటి. “శ్రుతి లేదు, లయ లేదు” అని ఒక్క మాటతో కొట్టివేయుట రెండవది. మొదటిది ఇంటికి వచ్చిన చుట్టములకు చెల్లును. రెండింటివలనను విద్యార్థికి మరునాటి ఉదయము ఏమి సాధన చేయవలెనో తెలియదు.

ఆ రెండవ తప్పు నేనును చేసితిని. చాల ఏండ్ల క్రిందట పన్నెండేండ్ల బాలిక మోహనరాగ వర్ణము పాడుచు, తారస్థాయికి పోయినపుడెల్ల గొంతు చీలి బాధపడినది. “ఈ గొంతుకు వర్ణము కాదమ్మా, గీతములు చాలును” అని అందరి యెదుట అంటిని. మరునాటినుండి ఆమె పాఠమునకు రాలేదు. వారి ఇంటికి పోయి విచారింపగా తెలిసినదేమనగా, ఆమె ఇంటిలో పాడునది నాలుగున్నర శ్రుతికి. నాడు తంబురా అంతకుముందు పాడిన పెద్దపిల్లకొరకు ఐదున్నరకు మేళవింపబడియున్నది. రెండు స్వరస్థానముల ఎత్తు! తప్పు గొంతుది కాదు, తీగది. తీగను చూడవలసినవాడను నేను. పిల్ల మరల వచ్చినది గాని, నలుగురి యెదుట నోరు తెరచుటకు ఆమెకు రెండేండ్లు పట్టినది.

అప్పటినుండి నేను పాట నడుమ ఆపుట మానితిని. ముగిసిన పిమ్మట, “నీకెక్కడ కష్టముగా తోచినది?” అని ముందు అడుగుదును. పిల్లలు తరచుగా సరియైన చోటనే చూపుదురు. తరువాత బాగున్నదానిని గుర్తుతో సహా చెప్పవలెను. “బాగున్నది” అనుట చాలదు. “అనుపల్లవి చివర గాంధారము కదలక నిలిచినది” అనవలెను. అప్పుడు ఆ పిల్ల దానిని మరల చేయగలదు.

పిమ్మట లోపము. ఒక్కటి చాలును, కాని కారణముతో చెప్పవలెను. శ్రుతి తప్పుటకు కారణములు పలు విధములు. దీర్ఘస్వరము చివర ఊపిరి చాలక స్వరము జారవచ్చును. కల్యాణిలో ప్రతిమధ్యమమును చెవి యింకను పట్టుకొనకపోవచ్చును. మొదటిదానికి ఎక్కడ ఊపిరి తీసికొనవలెనో చూపవలెను. రెండవదానికి తంబురా యెదుట గాంధార, మధ్యమ, పంచమములను మెల్లగా పాడించవలెను. ఆదితాళము ఎనిమిది అక్షరములలో పరుగు వచ్చుటయు అట్టిదే. పలుమారు చేయి గొంతు వెంబడి పోవుచుండును. కావున పాట ఆపి, తాళము మాత్రము వేయుచు స్వరములు చెప్పించినచో వెంటనే తెలియును. మాయామాళవగౌళ సరళీవరుసలకు తిరిగి పొమ్మనుట శిక్ష కాదని కూడ చెప్పవలెను. లేకున్న పిల్లలు దానిని అవమానముగా భావింతురు.

సాహిత్యమునుగూర్చి ఒక మాట. త్యాగరాజకృతులను తెలుగు రానివారు పాడునపుడు ఉచ్చారణ చూచి నవ్వుదుము. మన పిల్లలు ‘ధ’ను ‘ద’గా మ్రింగివేయుట మన చెవికి సోకదు! పదమును నడుమ విరిచి ఊపిరి తీయు పిల్లకు మొదట అర్థము చెప్పినచో సగము పని తీరును.

ఏది చెప్పినను, అచ్చటనే ఆ ఒక్క సంగతిని మరల పాడించి, కొంచెమైనను కుదిరిన పిమ్మటనే పిల్లను లేవనీయవలెను.

ఇంటిలో వినుచున్న తలిదండ్రులకు ఒక మనవి. నేడు సెల్‌ఫోనులోనే పాటను పట్టవచ్చును. దానిని బంధువులకు పంపుటకు ముందు పిల్లను ఒంటరిగా విననిండు. పాడిన రాత్రి భోజనమువేళ పొరుగింటి పిల్లతో పోల్చకుడు. మరునాటి ఉదయము తంబురా శ్రుతి సరిచూచి, గురువుగారు చెప్పిన ఆ ఒక్క సంగతిని పాడుమని, ప్రక్కన కూర్చుండి వినుడు.