వాలిన మినారు - సమర్‌ఖండ్‌లో ఒక రోజు
(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి వాడిగా వేడిగా మాట్లాడుకున్నాం. భోజనాలకు ఇంకా ఇరవై నిముషాలుందట. ఈలోగా నా విదేశయాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఆకలి మీదున్న వాళ్ల ముందు మాట్లాడటం ఎంత కష్టమో ఎరుగుదును. అందుచేత విమానం ఎక్కడం, దిగడం వదిలేసి అసలు సంగతికి వస్తాను.

2019 సెప్టెంబరులో నేను, మా శ్రీమతి ఒక యాత్రా బృందంతో ఉజ్బెకిస్తాన్ వెళ్లాం. ఢిల్లీ నుంచి తాష్కెంటుకు విమానంలో సుమారు మూడు గంటలు. 1966 జనవరిలో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు కన్నుమూసిన ఊరది. అప్పుడు నేను ఇంజనీరింగు చివరి సంవత్సరంలో ఉన్నాను. రేడియోలో ఆ వార్త విని హాస్టలంతా ఆ పూట అన్నం ముట్టలేదు. తాష్కెంటులో ఆయన విగ్రహానికి దండం పెట్టుకుని, మర్నాడు వేగంగా నడిచే రైలెక్కి రెండు గంటల పైచిలుకులో సమర్‌ఖండ్ చేరాం.

మా గైడు ముప్పై ఏళ్ల అమ్మాయి. చలాకీ మనిషి. బస్సు డ్రైవరును ఆమె "ఆకా, ఆకా" అని పిలుస్తుంటే మా ఆవిడ నా చెవిలో, "అంత మీసాల మనిషిని పట్టుకుని అక్కా అంటుందేమిటండీ!" అంది. విచారిస్తే, వాళ్ల భాషలో ఆకా అంటే అన్నయ్య అట. ఆ తర్వాత బజారు, మైదానం, దర్వాజా, దుకాణం, పియాలా, దోస్తు - ఇవన్నీ కొద్ది తేడాతో అక్కడా వినబడుతుంటే మాకు సరదా పుట్టింది. అయితే 'సబ్జీ' అంటే కూరగాయలు కాదు, ఒక్క క్యారెట్టే. బజారులో ఆ సంగతి తెలిసింది.

మొదట తైమూరు సమాధికి తీసుకువెళ్లారు. గూర్ ఎ అమీర్ అంటారు. 1403లో తన మనుమడు చనిపోతే అతని కోసం తైమూరు మొదలుపెట్టిన కట్టడం. 1405లో చైనా మీదికి దండెత్తి వెళుతూ దారిలో చనిపోయిన తైమూరును కూడా తెచ్చి అక్కడే పెట్టారు. పైన నీలిరంగు గోపురం, లోపల ముదురాకుపచ్చ రాతిపలక. ఆ పలక మధ్యలో విరిగి ఉంది. ఢిల్లీని దోచిన నాదిర్‌షాయే 1740లో దాన్ని ఎత్తుకుపోయాడని, అప్పుడే విరిగిందని చెబుతారు. 1398లో ఢిల్లీని నేలమట్టం చేసినవాడు తైమూరు. అతని వంశంలోని వాడు బాబరు. ఆ బాబరు వంశంలోని ఔరంగజేబే 1687లో మన గోలకొండను పట్టుకున్నాడు. అంతటివాడు తన గురువు పాదాల దగ్గర పడుకుని ఉన్నాడని గైడు చూపించింది. అక్కడ మాత్రం నాకు కొంచెం గౌరవం కలిగింది.

తర్వాత రెగిస్తాన్. ఆ మాటకు ఇసుక నేల అని అర్థం. విశాలమైన ఆవరణకు మూడు వైపులా మూడు మదరసాలు. ఒకటి తైమూరు మనుమడు ఉలుగ్ బేగ్ 1417, 1420 మధ్య కట్టించినది. తక్కిన రెండూ రెండు వందల ఏళ్ల తర్వాత, పదిహేడో శతాబ్దంలో వచ్చాయి. వాటిలో తిల్యాకారి మసీదు లోపల తల ఎత్తితే బంగారు గోపురం లోతుగా పైకి పోతున్నట్టుంటుంది. నిజానికి అది చదును కప్పు. రంగులతో, గీతలతో చేసిన కనికట్టు. నేను పదిసార్లు చూసి గాని నమ్మలేదు.

బయటికి వచ్చి ఉలుగ్ బేగ్ మదరసా మినారులను చూస్తే అవి కాస్త వాలినట్టు తోచింది. అలవాటు పోదు కదా! పెన్ను అడ్డం పెట్టి ఒక కన్ను మూసి తూకం చూస్తూ నిలబడిపోయాను. బృందం వెళ్లిపోయింది. గైడు పరుగెత్తుకుంటూ వచ్చి, "మీ ఒక్కరి కోసం బస్సు ఆగింది" అని కసిరింది. నేను మినారు చూపించి కారణమడిగాను. "మీరు ఇంజనీరా? అది పెద్ద కథ. సాయంత్రం మళ్లీ వస్తాం, చెబుతాను" అంది.

అక్కడి నుంచి బీబీ ఖానుమ్ మసీదు. మిత్రులారా, నా ప్రసంగమంతా దీని గురించే అనుకోండి.

ఢిల్లీ దోపిడీ నుంచి తిరిగి వెళ్లగానే 1399లో తైమూరు దీన్ని మొదలుపెట్టాడు. మన దేశం నుంచి పట్టుకుపోయిన రాతిపనివాళ్లు అందులో పనిచేశారు. రాళ్లు మోయడానికి మన దేశపు ఏనుగులు తొంభై అయిదు వాడారని రాసి ఉంది. ఆవరణ సుమారు 167 మీటర్ల పొడవు, 109 మీటర్ల వెడల్పు. 1404లో దండయాత్ర ముగించి వచ్చిన తైమూరుకు ముఖద్వారం ఎత్తు చాలలేదట. పడగొట్టి మళ్లీ కట్టమన్నాడు. బాధ్యులైన అధికారులిద్దరికి మరణశిక్ష వేయించాడు. అప్పటికి అతను నడవలేని ముసలివాడు. రోజూ పల్లకీలో వచ్చి కూర్చుని, పునాది గోతుల్లో ఉన్న పనివాళ్లకు పైనుంచి మాంసం ముక్కలు విసిరి తొందరపెట్టేవాడని ఆ ఏడాది అక్కడున్న స్పెయిన్ రాయబారి క్లవిహో రాశాడు.

ఫలితమేమిటి? కట్టిన కొద్దికాలానికే పగుళ్లు. ప్రార్థనకు వచ్చినవాళ్ల మీద ఇటుకలు రాలేవట. భూకంపాలు కూడా తోడై కాలక్రమాన కూలిపోయింది. ఇప్పుడు మనం చూసేదంతా చాలా భాగం 1970ల నుంచి తిరిగి కట్టినదే.

గైడు ఇదంతా చెబుతుంటే తక్కినవాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం కాళ్లలో బలం పోయినట్టయి అక్కడే అరుగు మీద కూర్చున్నాను. మా ఆవిడ మోకాళ్ల నొప్పి అనుకుంది. కాదు.

1974లో నేను అసిస్టెంట్ ఇంజనీరుగా ఒక పల్లెలో వాగు మీద కల్వర్టు కట్టించాను. ప్రారంభోత్సవానికి ముహూర్తం ముందే పెట్టేశారు. స్లాబు కింద పధ్నాలుగు రోజులైనా ఉండవలసిన సెంట్రింగును తొమ్మిదో రోజున విప్పించాను. పై నుంచి కబురు వచ్చింది, నిజమే. కాని కాగితం మీద సంతకం నాది. నాకెవరూ మరణశిక్ష వేసేవాళ్లు లేరు. మహా అయితే ఏజెన్సీకి బదిలీ. ఆ మాత్రానికే భయపడ్డాను. తొలకరి వానలకే స్లాబు పగిలి కుంగింది. ప్రాణనష్టం లేదు. విచారణలో నేను 'అసాధారణ వర్షపాతం వలన' అని రాశాను. ఆ ఫైలు అంతటితో ముగిసింది. 2003లో పదవీ విరమణ సభలో నన్ను మచ్చలేని అధికారి అన్నారు. నేను తల వంచి దండ వేయించుకున్నాను. ఈ మాట మా ఆవిడకు కూడా ఆ రోజే, ఆ అరుగు మీదే చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం షా ఎ జిందా అనే సమాధుల వీథికి వెళ్లాం. కొండవాలున, రెండు వైపులా నీలిరంగు పలకలు తాపిన సమాధి మందిరాలు. అక్కడ నలభై దాకా మెట్లున్నాయి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు లెక్క సరిపోతే పాపాలు పోతాయని అక్కడివారి నమ్మకం. నేను జాగ్రత్తగా లెక్కపెట్టాను. ఒకటి తేడా వచ్చింది. మా ఆవిడ అంది కదా, "ఇది మీ ఎం.బుక్కు కాదు, దిద్దుకోవడానికి!" అని. అదే నాకు ఆవిడ వేసిన శిక్ష.

తర్వాత ఉలుగ్ బేగ్ వేధశాల చూశాం. 1437 నాటి అతని నక్షత్రాల పట్టికలో వెయ్యికి పైగా తారలున్నాయి. మన జయపూర్ రాజు సవాయి జైసింగు కూడా ఆ పట్టికలను ఆధారం చేసుకున్నాడు. 1449లో కన్నకొడుకే ఉలుగ్ బేగ్‌ను చంపించాడు. వేధశాల నాశనమైంది. 1908లో వ్యాత్కిన్ అనే రష్యన్ పండితుడు తవ్వి తీసేవరకు అదెక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. కొండరాతిలో తొలిచిన భాగం మాత్రం చెక్కుచెదరకుండా దొరికింది.

చీకటి పడ్డాక మళ్లీ రెగిస్తాన్‌కు వచ్చాం. గైడు మాట తప్పలేదు. నాకు మెట్ల మీద చోటు చూపించి, పొద్దుటి కథ చెప్పింది. ఉలుగ్ బేగ్ మదరసా ఈశాన్యపు మినారు వంద ఏళ్ల కిందట ప్రమాదకరంగా ఒరిగిపోయింది. పడగొట్టకుండా పదేళ్లకు పైగా ఉక్కు తాళ్లతో బిగించి పట్టి ఉంచారు. చివరికి 1932లో, ఉన్న మినారును ఉన్నట్టే తిప్పి నిటారుగా నిలబెట్టారు. ఆ పనికి రూపకల్పన చేసిన ఇంజనీరు వ్లదీమిర్ షూఖోవ్. మాస్కోలో 1922 నాటి ఉక్కు రేడియో స్తంభం కట్టినాయన. ఆయన పుట్టింది 1853లో. లెక్క మీరే వేయండి. అప్పటికాయన ఎనభైకి దగ్గర పడ్డాడు. మనలో చాలామంది కంటే పెద్దవాడు.

తొందరపెట్టి కట్టించిన చక్రవర్తి మసీదు కూలిపోయింది. ఒరిగిన మినారును ఓపికగా పట్టుకుని ఒక వృద్ధుడి బుర్ర నిలబెట్టింది. ఒకే ఊళ్లో, ఒకే రోజున రెండూ చూశాను.

తిరిగి వచ్చాక ఆ డిసెంబరులో నా కల్వర్టు ఊరికి వెళ్లాను. అక్కడిప్పుడు పెద్ద వంతెన ఉంది. రావిచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయనను అడిగితే గుర్తు చేసుకుని, "ఆ ఏడు పిల్లలు వాగులో దిగి బడికి పోయేవోళ్లయ్యా. మా పెద్దపిల్లను భయపడి మాన్పించినాం. మళ్లా పోలేదు" అన్నాడు. నేనే ఆ ఇంజనీరునని చెప్పాను. ఆయన కోప్పడలేదు. మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. ఆ నీళ్లు గొంతు దిగడం కష్టమైంది. మినారును నిలబెట్టవచ్చు. ఆ పిల్ల చదువును నిలబెట్టలేను.

చేయగలిగింది ఒకటే కనిపించింది. ఇంజనీరింగు విద్యార్థులు పిలిచిన చోటల్లా ఈ కల్వర్టు కథ దాచకుండా చెబుతున్నాను. సెంట్రింగు ఎన్ని రోజులుండాలో పుస్తకంలో ఉంటుంది. విప్పమని కబురు వచ్చినప్పుడు ఏం చేయాలో పుస్తకంలో ఉండదు.

అధ్యక్షులవారికి నాదొక మనవి. మన పత్రికలో సన్మానాల ఫొటోలు బాగానే వేస్తున్నాం. వాటి పక్కన ఒక పేజీ ఇవ్వండి. ట్రెజరీలో, రెవెన్యూలో, బడిలో, ఆసుపత్రిలో పనిచేసిన మనమందరం మనం చేసిన ఒక్కొక్క పొరపాటు అందులో రాద్దాం. మనకిక బదిలీ భయం లేదు కదా! మొదటి వ్యాసం నాది. ఇదిగో, రాసి తెచ్చి కార్యదర్శిగారి చేతిలో పెడుతున్నాను.

వంటవారు సైగ చేస్తున్నారు.  సెలవు.