కోల్డ్ స్టోరేజీ గోడ తడిస్తే బిల్లు ఎవరిది?

(రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మిర్చి ధర గురించి మాట్లాడాల్సిన చోట కోల్డ్ స్టోరేజీ గోడల గురించి చెబుతానంటే మీలో కొందరు నవ్వారు. నేను ధర సంగతికే వస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటా మిర్చికి 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ ధరకు కౌలు, కోత కూలి కూడా గిట్టవని లెక్క వేసుకున్నవాళ్లం ఏం చేశాం? టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి తోలాం. గుంటూరు చుట్టూ అలాంటివి వందకు పైగా ఉన్నాయి. ధర వచ్చేదాకా ఆగగలగడం ఒక్కటే మన చేతిలో ఉన్న బలం, అది ఆ గోడల మధ్యే ఉంది. అద్దె పెరిగినా, కాయ రంగు వెలిసినా మనం ఆగింది దండగే.

పాత స్టోరేజీల్లో ఇటుక గోడకు లోపలివైపు తారు పూసి, థర్మోకోల్ పలకలు అంటించి, వాటిమీద ఇనప వల కట్టి సిమెంటు పూశారు. ఏళ్లు గడిచేకొద్దీ తారు పొర పగులుతుంది. బయటి గాలిలోని తేమ ఆ పగుళ్లలోంచి చొరబడి, చల్లటి చోట నీరవుతుంది. థర్మోకోల్ వేడిని ఆపేది తనలో ఇరుక్కున్న గాలితోనే. కదలని గాలికంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది. అందుకని తడిసిన పలక ఉన్నా లేనట్టే. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. తెలిసేది కరెంటు మీటరు దగ్గర, గోడకు ఆనించిన వరసలో బూజు పట్టిన టిక్కీ దగ్గర. ఆ బూజును రైతు సరిగా ఎండబెట్టలేదన్న ఖాతాలో వేస్తారు. కల్లంలో కాయను పది, పదకొండు శాతం తేమకు తేవడం మన బాధ్యతే, కాదనను. కానీ గోడ తడి మన బాధ్యత కాదు.

ఇక పైకప్పు. మే నెలలో బయట 45 డిగ్రీలు, లోపల 6 డిగ్రీలు అనుకుందాం. తేడా 39. ఎండకు కాలిన కప్పు 60 దాటుతుంది, అప్పుడు తేడా 54. ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేస్తే ఆ అదనపు భారం చాలావరకు పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. మన పెద్దలు డాబాకు సున్నం కొట్టడానికి ఏ విధానమూ అడగలేదనుకోండి!

యంత్రాల్లోనూ దుబారా ఉంది. చల్లగాలి తిప్పే ఫ్యాను వేగం ఐదోవంతు తగ్గిస్తే దానికి పట్టే కరెంటు దాదాపు సగమవుతుంది. సరుకంతా చల్లబడ్డాక కూడా పూర్తి వేగంతో తిప్పితే ఆ మోటారు వేడిని తీయడానికి మళ్లీ కంప్రెసరే తిరగాలి. బోరు నీటి ఉప్పు కండెన్సర్ గొట్టాలకు పేరుకుపోతే అక్కడ వేడి పెరుగుతుంది. పెరిగిన ఒక్కో డిగ్రీకి రెండు మూడు శాతం కరెంటు అదనం. గొట్టాలు తోమించడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఆదా అయిన ప్రతి యూనిట్‌కూ దేశ సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది.

ఆధునీకరణ పేరుతో అమ్మోనియా యంత్రాలు తీసేసి ఫ్రియాన్ రకం వాయువు పెట్టాలని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. అమ్మోనియా లీకైతే మనిషికి ప్రమాదం, దానికి గట్టి రక్షణ కావాలి. కానీ అది భూమిని వేడెక్కించదు. ఆర్-404ఏ అనే వాయువు ఒక్క కిలో గాలిలో కలిస్తే సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అలాంటి వాయువులను తగ్గిస్తామని మన దేశం 2021లో కిగాలి ఒప్పందాన్ని ఆమోదించింది.

మరమ్మతు ఎప్పుడు చేయాలన్నది అసలు చిక్కు. కొత్త కాయ రాకముందు, డిసెంబరు, జనవరిలో ఛాంబర్లు ఖాళీ అవ్వాలి. ధర లేని ఏడాది పాత సరుకు కదలదు. సరుకు ఉండగానే పక్కన వెల్డింగ్ పెడితే? థర్మోకోల్, పఫ్ రెండూ మండుతాయి. మిరప సంగతి చెప్పనక్కర్లేదు. ఖాళీ చేసిన ఛాంబరులోనే, నీళ్లూ మనుషులూ సిద్ధంగా ఉన్నప్పుడే పని జరగాలి. టిక్కీలు మోసే ముఠా కార్మికుల ప్రాణాలూ ఇందులో ఉన్నాయి.

ఈ పనికి ప్రజల డబ్బు ఉంది. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో కోల్డ్ స్టోరేజీల ఆధునీకరణకు 35 శాతం సాయం ఉంది. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధిలో 2 కోట్ల వరకు అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. పత్తి విషయం గుర్తు చేసుకోండి. 2000లో మొదలైన పత్తి టెక్నాలజీ మిషన్ కింద జిన్నింగ్ మిల్లులు బాగుపడ్డాయి, మంచిదే. ఆ లాభంలో మన వాటా ఎంతో రాయించుకునే షరతు మాత్రం మనం పెట్టలేదు. ఈసారి పెట్టాలి. రాయితీ తీసుకున్న యజమాని విద్యుత్ ఆడిట్ నివేదికను, రోజువారీ ఉష్ణోగ్రత పట్టికను గేటు దగ్గర అతికించాలి. ఆదా అయిన కరెంటులో కొంత భాగం టిక్కీ అద్దెలో తగ్గాలి. తడి గోడ వల్ల పాడైన సరుకుకు పరిహారం బాండులోనే రాయాలి.

మీ టిక్కీలున్న ఛాంబరుకు ఈ వారం వెళ్లండి. గోడకు చెయ్యి ఆనించి చూడండి, తలుపు రబ్బరు పట్టీ చూడండి, కప్పు రంగు చూడండి. టిక్కీకి ఎంత అద్దె కడుతున్నారో దాంతోపాటు రాసి మండల కమిటీకి ఇవ్వండి. అద్దె ఖరారు చేసే చర్చలకు ఆ కాగితాలతోనే వెళ్దాం.