హైదరాబాద్‌లో ఆగితే డిస్కౌంట్, న్యూయార్క్‌లో ఆగితే దాదాపు డబుల్

ఈరోజు టాపిక్ చూడ్డానికి చిన్నదే. కానీ ఈ మధ్య ఇన్‌బాక్స్‌లో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. న్యూయార్క్, జెర్సీ సైడ్ ఎంఎస్ చేస్తున్నవాళ్ళు, కొత్తగా జాబ్‌లో చేరినవాళ్ళు అడుగుతున్నారు: "అన్నా, కారు అద్దం మీద ఆరెంజ్ కవర్ పెట్టి పోయారు. పార్కింగ్ టికెట్ అంట. ఇప్పుడే కట్టాలా, కొన్నాళ్ళు ఆగితే తగ్గిస్తారా?"

"ఆగితే తగ్గిస్తారా" అనే డౌట్ మనవాళ్ళకే వస్తుంది. నవ్వుకోకండి, దానికి కారణం ఉంది. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్లకు డిస్కౌంట్ ఇచ్చారు గుర్తుందా? టూ వీలర్‌కి 75 శాతం మాఫీ. మళ్ళీ 2023 డిసెంబర్ 26 నుంచి ఇంకో రౌండ్, ఈసారి టూ వీలర్‌కి 80 శాతం మాఫీ. రెండుసార్లూ లాస్ట్ డేట్ కూడా పొడిగించారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక బండి మీద 1000 రూపాయల చలాన్లు ఉన్నాయనుకుందాం. పడ్డ వెంటనే కట్టిన బుద్ధిమంతుడికి 1000 పోయింది. కట్టకుండా కూర్చుని 2022లో కట్టినవాడికి 250 పోయింది. అప్పుడూ కట్టకుండా ఇంకా కూర్చున్నవాడు 200తో బయటపడ్డాడు. అంటే ఎవరు ఎంత ఎక్కువ లేట్ చేస్తే వాళ్ళకి అంత లాభం. బకాయిలు వసూలు చేసుకోవడానికి పెట్టిన స్కీమే, కాదనను. కానీ దాంతో మనందరికీ ఒక అలవాటు అయిపోయింది. చలాన్ పడిందా, స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టి, "ఆఫర్ ఎప్పుడొస్తుంది రా" అని అడగడం. ఈ అలవాటు సూట్‌కేస్‌లో పచ్చడి సీసాతో పాటు జేఎఫ్‌కేలో దిగుతోంది. అక్కడే అసలు ప్రాబ్లం.

న్యూయార్క్ సిటీలో ఎలా ఉంటుందో చెప్తా. టికెట్ ఇచ్చిన రోజు నుంచి మీకు 30 రోజుల టైమ్. ఆ 30 రోజుల్లో రెండే పనులు: కట్టడం, లేదంటే "ఇది తప్పు" అని డిస్ప్యూట్ వేయడం. ఏదీ చేయకపోతే 10 డాలర్లు కలుస్తాయి. 60 రోజులు దాటితే ఇంకో 20. 90 రోజులు దాటితే ఇంకో 30. మొత్తం 60 డాలర్లు. మన్‌హటన్‌లో 96వ స్ట్రీట్, దాని కింది వైపు మీటర్ టైమ్ అయిపోయాక కారు ఉంచితే టికెట్ 65 డాలర్లు. అది 75 అవుతుంది, 95 అవుతుంది, 125 దగ్గర ఆగుతుంది. ఆగుతుంది అన్నానా? ఆగదు. 100 రోజులు దాటాక అది "జడ్జ్‌మెంట్"లోకి వెళ్తుంది. అంటే ఇక అది జరిమానా కాదు, మీ పేరు మీద సిటీకి ఉన్న అప్పు. దాని మీద ఏడాదికి 9 శాతం వడ్డీ. ఆ జడ్జ్‌మెంట్ 8 ఏళ్ళు బతికే ఉంటుంది. అంటే చదువు, ఓపీటీ, హెచ్‌వన్‌బీ అన్నీ అయ్యాక కూడా అది అక్కడే కూర్చుని ఉండొచ్చు.

జడ్జ్‌మెంట్‌లో ఉన్న మొత్తం 350 డాలర్లు దాటితే కారుకి బూట్ వేస్తారు. బూట్ అంటే టైరుకి తగిలించే పసుపు రంగు లాక్. పైన చెప్పిన 125 డాలర్ల టికెట్లు మూడు చాలు, 375 అయిపోతుంది. ఇంత చిన్న లెక్కని ఎవరూ వేసుకోరు. మూడే కదా అనుకుంటారు. బూట్ పడ్డాక టికెట్ డబ్బులే కాదు, బూట్ ఫీజు, ఎగ్జిక్యూషన్ ఫీజు అని విడివిడిగా కట్టాలి. రెండు రోజుల్లో తేల్చకపోతే టో చేసి తీసుకెళ్తారు. అప్పుడు టోయింగ్, యార్డ్‌లో ఉంచినందుకు రోజువారీ అద్దె. బూట్ తీయడం మాత్రం కాస్త వెరైటీ. ఫోన్‌లో డబ్బులు కట్టగానే కోడ్ ఇస్తారు, మీరే నొక్కి ఊడదీసుకోవాలి. మళ్ళీ 24 గంటల్లో దాన్ని మీరే తీసుకెళ్ళి అప్పగించాలి. కాలికి వేసిన సంకెల మనమే మోసుకెళ్ళి ఇచ్చినట్టు.

సరే, ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన మెసేజ్. క్వీన్స్‌లో ఉంటున్న ఒక తమ్ముడు రాశాడు. నలుగురు రూమ్మేట్స్ కలిసి డబ్బులు వేసుకుని సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. రిజిస్ట్రేషన్ ఇతని పేరు మీద. ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు: ఒకరు గ్రోసరీకి, ఒకరు పార్ట్ టైమ్‌కి. టికెట్లు పడితే "తర్వాత చూద్దాం" అని డ్యాష్‌బోర్డు కింద డబ్బాలో పడేశారు. ఇతనికి ఎవరూ చెప్పలేదు. మధ్యలో ఇల్లు మారారు, పాత అడ్రస్‌కి వెళ్ళిన లెటర్లు అక్కడే ఆగిపోయాయి. ఒకడు డల్లాస్‌లో జాబ్ వచ్చి వెళ్ళిపోయాడు, ఒకడు ఇండియా వచ్చేశాడు. ఒకరోజు ఉదయం కిందికి దిగితే కారుకి బూట్. "అన్నా, నేను ఒక్క టికెట్ కూడా తెచ్చుకోలేదు, నేనెందుకు కట్టాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, కట్టాల్సింది నువ్వే. పార్కింగ్ టికెట్ డ్రైవర్ని చూడదు, నంబర్ ప్లేట్‌ని చూస్తుంది. ప్లేట్ ఎవరి పేరు మీద ఉంటే బాధ్యత వాళ్ళది. అడ్రస్ మారిన విషయం డీఎంవీకి 10 రోజుల్లో చెప్పాల్సిన బాధ్యత కూడా వాళ్ళదే. మిగతా ముగ్గురి దగ్గర వసూలు చేసుకోవడం మీ స్నేహం మీద ఆధారపడింది, సిటీకి దాంతో పని లేదు. ఒకేసారి కట్టలేకపోతే మాత్రం దారి ఉంది. జడ్జ్‌మెంట్‌లోకి వెళ్ళిన అప్పుకి పేమెంట్ ప్లాన్ అడగొచ్చు, 311కి ఫోన్ చేస్తే ఎక్కడ అప్లై చేయాలో చెప్తారు. బూట్ పడకముందే అడిగితే ఇంకా మేలు.

అందుకే, షేరింగ్ కారు ఉన్నవాళ్ళందరూ ఒక పని చేయండి. సిటీ ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ యాప్ ఉంది, పేరు ఎన్‌వైసీ పే ఆర్ డిస్ప్యూట్. అందులో ప్లేట్ నంబర్, స్టేట్ కొడితే ఆ ప్లేట్ మీద ఉన్న టికెట్లు వస్తాయి. పాస్‌వర్డ్ అక్కర్లేదు, కాగితం పోయినా పర్లేదు. నెలకోసారి, అద్దె పంచుకునే రోజే ఆ చెక్ కూడా పెట్టుకోండి. స్ప్లిట్‌వైజ్‌లో బిర్యానీ 11 డాలర్లు రాసుకుంటాం, 115 డాలర్ల టికెట్ రాసుకోం. ఈ 115 ఎక్కడిదంటే ఫైర్ హైడ్రంట్ పక్కన ఆపినందుకు. రెండు వైపులా 15 అడుగులు వదలాలి. చాలాచోట్ల రోడ్డు మీద గీత ఉండదు, బోర్డూ ఉండదు. ఖాళీ దొరికింది అని మురిసిపోయే ముందు ఖాళీగా ఎందుకు ఉందో చూడండి.

డిస్ప్యూట్ గురించి. "అమెరికాలో వాదిస్తే లేనిపోని గొడవ, వీసా ప్రాబ్లం" అని భయపడి తప్పు టికెట్ కూడా కట్టేస్తున్నారు. న్యూయార్క్ సిటీలో పార్కింగ్ టికెట్ సివిల్ విషయం. క్రైమ్ కాదు, లైసెన్స్ మీద పాయింట్లు పడవు. డిస్ప్యూట్ వేయడం మీ హక్కు. 30 రోజుల్లోపు వేస్తే, తీర్పు వచ్చేదాకా లేట్ ఫీజు పెరగదు కూడా. యాప్‌లోనే ఫొటోలు అప్‌లోడ్ చేయొచ్చు, ఒక జడ్జి చూసి రాతపూర్వకంగా నిర్ణయం పంపిస్తారు.

గెలిచేది ఏడుపుతో కాదు, ఆధారంతో. "స్టూడెంట్‌ని సార్, డబ్బుల్లేవు" అని రాస్తే లాభం లేదు. మీటర్‌కి కట్టిన రసీదు టైమ్‌తో సహా పెట్టండి. మీటర్ టైమ్ అయ్యాక 5 నిమిషాల గ్రేస్ ఉంటుంది, ఆ లోపే టికెట్ రాసి ఉంటే అది పాయింట్. బోర్డు కనబడకపోతే ఆ బ్లాక్ మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకి ఫొటోలు తీయండి, ఒక్క స్తంభం ఫొటో సరిపోదు. టికెట్ మీద ప్లేట్ నంబర్, ప్లేట్ టైప్, రిజిస్ట్రేషన్ ఎక్స్‌పైరీ లాంటివి సరిగ్గా రాశారో లేదో మీ కాగితాలతో పోల్చండి. తప్పు రాస్తే టికెట్ కొట్టేసే అవకాశం ఉంది. నిజంగా మన తప్పే అయితే మాత్రం కట్టేయండి, ఈ-చెక్‌తో కడితే కార్డ్ ఫీజు కూడా ఉండదు.

స్ట్రీట్ క్లీనింగ్ కోసం కార్లు ఆ పక్క నుంచి ఈ పక్కకి మార్చే రూల్ ఉంటుంది కదా, ఆల్టర్నేట్ సైడ్ అంటారు. దీపావళి రోజు ఆ రూల్ ఆపేస్తారు. సిటీ క్యాలెండర్‌లో ఉంటుంది చూడండి. ఆ రోజు కారు కదపక్కర్లేదు. కానీ మీటర్లు మాత్రం పనిచేస్తాయి, పండగ అని వాటికి కట్టడం మానేయకండి.

జెర్సీ వాళ్ళకి ఒక్క ముక్క. అక్కడ పార్కింగ్ టికెట్ ఆ ఊరి మునిసిపల్ కోర్టుకి వెళ్తుంది. ఆన్‌లైన్‌లో కట్టే సైట్ ఎన్‌జేఎంసీ డైరెక్ట్. టికెట్ మీద కోర్టు పేరు, డేట్ ఉంటాయి. కోర్టు నుంచి కవర్ వస్తే పిజ్జా కూపన్ల పక్కన పడేయకండి.

ఫేక్ మెసేజ్‌ల గురించి కూడా చెప్పాలి. ఇక్కడ వాట్సాప్‌లో ఆర్‌టీవో చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ వస్తోంది. ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లో ఓటీపీలు వాళ్ళ చేతికి పోతాయి. అక్కడ టోల్ బాకీ, పార్కింగ్ బాకీ అని టెక్స్ట్‌లు, మీటర్ల మీద అంటించిన దొంగ క్యూఆర్ కోడ్‌లు. లింక్ వచ్చిందని నొక్కొద్దు. సైట్ అడ్రస్ మీరే టైప్ చేయండి, లేదా ప్లే స్టోర్ నుంచి యాప్ తీసుకుని ప్లేట్ నంబర్ కొట్టండి. అక్కడ కనబడని బాకీ కోసం మెసేజ్‌లోని లింక్‌లో డబ్బులు కట్టొద్దు.

చివరగా, ఇండియాకి వచ్చేస్తూ కారు అమ్మేవాళ్ళకి. న్యూయార్క్‌లో, జెర్సీలో ప్లేట్ కారుది కాదు, మీది. "పాపం, ఇంటిదాకా నడుపుకుంటాడులే" అని కొనుక్కున్నవాడికి ప్లేట్‌తో సహా ఇచ్చేయకండి. వాడు హైడ్రంట్ పక్కన ఆపితే టికెట్ మీ పేరు మీదే పడుతుంది, మీరేమో అప్పటికి శంషాబాద్‌లో లగేజ్ కోసం నిలబడి ఉంటారు. అమ్మిన రోజే ప్లేట్లు విప్పేయండి, డీఎంవీకి అప్పగించండి, రసీదు ఫొటో తీసి దాచుకోండి. ఆ రసీదు లేకుండా ఫ్లైట్ ఎక్కకండి.

మీ దగ్గర డిస్ప్యూట్ వేసి గెలిచిన టికెట్ ఏదైనా ఉంటే, ఏ ఆధారం పెట్టారో కామెంట్‌లో రాయండి. ప్లేట్ నంబర్ మాత్రం చెరిపేసి పెట్టండి.