మంచులో బతికాం, మంచును చదవలేదు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేను ఇంటర్మీడియట్ చదివి ఫౌజులో చేరినవాణ్ణి. రిటైరయ్యాక, యాభై దాటిన వయసులో, ధ్రువ ప్రాంతాల మీద దూరవిద్య కోర్సులో చేరాను. "పొలం సంగతి చూసుకోక, ఈ వయసులో పెంగ్విన్ల చదువెందుకండీ?" అంది మా ఆవిడ.

ఎందుకో మనవి చేస్తాను. సియాచిన్‌లో నేను హవల్దారుగా ఉన్నప్పుడు, తాడు ముడి పడటం లేదని మా కుర్రాడొకడు గ్లౌజు తీశాడు. కాసేపే. రెండు వేళ్లు పోయాయి. తీయొద్దని ఆర్డరైతే ఇచ్చాను గానీ, ఎందుకు తీయకూడదో చెప్పలేదు. నాకూ సరిగ్గా తెలియదు.

కోర్సులో జవాబు దొరికింది. మైనస్ 20 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే, ఒంటికి అది మైనస్ 34 లాగా తగులుతుంది. థర్మామీటరు మాత్రం మైనస్ 20 అనే చూపిస్తుంది. పోస్టులో నేను చూసుకున్నది థర్మామీటరునే. ఆ పాఠం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

పాఠాలన్నీ ఇంగ్లీషే. మా అమ్మాయి అర్థం చెబితే తెలుగులో నోట్సు రాసుకున్నాను. మొదటి పరీక్ష తప్పాను, రెండోసారి గట్టెక్కాను.

ఉత్తర ధ్రువం దగ్గర నేల లేదు, సముద్రం మీద తేలే మంచే. దక్షిణాన ఉన్నది ఖండం. దాని మీద సగటున సుమారు రెండు కిలోమీటర్ల మందాన మంచు. ఆ ఎత్తువల్లా, కింద వెచ్చదనమిచ్చే సముద్రం లేకపోవడంవల్లా అక్కడ చలి ఎక్కువ. 1983 జూలై 21న వోస్తోక్ కేంద్రంలో మైనస్ 89.2 డిగ్రీలు నమోదైంది.

అంటార్కిటికా ఒప్పందం అక్కడ సైనిక చర్యలను నిషేధించింది. శాస్త్ర పనులకు సైనికులు సాయపడవచ్చు. 1983-84లో మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రి కట్టడంలో మన ఆర్మీవాళ్ల చెమట ఉంది. ఆ యాత్ర నాయకుడు డాక్టర్ హర్ష్ గుప్తా తర్వాత హైదరాబాదులో ఎన్.జి.ఆర్.ఐ. డైరెక్టరుగా పనిచేశారు. మంచు మీద కట్టిన ఆ కేంద్రం మంచులోనే కూరుకుపోయింది. రాతినేల మీద 1989లో కట్టిన మైత్రి నిలిచింది. 2012లో భారతి వచ్చింది.

మొన్న ఆ కుర్రాడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉస్తాద్, కొత్తవాళ్లకైనా చెప్పండి" అన్నాడు.

అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, ఆర్డరుతోపాటు కారణం కూడా చెప్పండి. రిటైరైన అన్నలూ, మనం గడిపిన చోట్ల గురించి ఇప్పుడైనా చదువుదాం.

జైహింద్.