హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు.. ముందు నంబర్ అడగండి!

ఈ రోజు నాలుగు నంబర్లు గుర్తుపెట్టుకోండి: 6, 11, 16, 18. పాస్‌వర్డ్ కాదు, ఓటీపీ కాదు. ఇవి హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్ టైపుల నంబర్లు.

చాలామంది ఇది ఒకే వైరస్ అనుకుంటారు. కాదండీ. 200కి పైగా టైపులున్న పెద్ద ఫ్యామిలీ ఇది. చిన్నప్పుడు చేతి మీద పులిపిరికాయ వచ్చిందా? అది కూడా హెచ్‌పీవీనే! కాకపోతే వేరే నంబర్. దానికీ క్యాన్సర్‌కీ సంబంధం లేదు. 6, 11 అయితే ప్రైవేట్ పార్ట్స్ దగ్గర పులిపిర్లు తెప్పిస్తాయి. ఇబ్బందే, కానీ సర్వైకల్ క్యాన్సర్ తెచ్చే రకాలు కావు.

అసలు విలన్లు హై రిస్క్ టైపులు, ఓ డజను పైన ఉంటాయి. అందులో 16, 18 ఈ రెండే ప్రపంచంలో దాదాపు 70 శాతం సర్వైకల్ క్యాన్సర్లకి కారణం. 31, 33, 45, 52, 58 కూడా కలిపితే దాదాపు 90 శాతం. ఈ లింకు పట్టుకున్నది జర్మనీ సైంటిస్ట్ హరాల్డ్ జుర్ హౌసెన్. 1983లో ఆయన టీమ్ క్యాన్సర్ కణాల్లో టైప్ 16ని, ఆ తర్వాతి ఏడాది 18ని కనిపెట్టింది. 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది.

మరి ఒక నంబర్ పులిపిరితో ఆగిపోతే, ఇంకోటి క్యాన్సర్ దాకా ఎందుకు తీసుకెళ్తుంది? మన ప్రతి కణంలో ఇద్దరు వాచ్‌మెన్ ఉన్నారనుకోండి. ఒకరి పేరు పీ53. డీఎన్‌ఏ పాడైతే "ఆగు, రిపేర్ చెయ్, లేదంటే చచ్చిపో" అని కణానికి ఆర్డర్ వేస్తాడు. రెండోవాడు ఆర్‌బీ. కణం ఇష్టమొచ్చినట్టు రెండుగా చీలిపోకుండా బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చుంటాడు. హై రిస్క్ టైపుల్లో ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లు ఉంటాయి. ఈ6 వెళ్లి పీ53ని నాశనం చేయిస్తుంది. ఈ7 వెళ్లి ఆర్‌బీని పక్కకి లాగేస్తుంది. 6, 11 టైపుల్లో కూడా ఈ ప్రోటీన్లు ఉన్నాయి, కానీ వాటికి అంత పట్టు లేదు. చాలా క్యాన్సర్లలో ఇంకో దారుణం కూడా జరుగుతుంది. వైరస్ డీఎన్‌ఏ ముక్క మన డీఎన్‌ఏలోకే అతుక్కుపోతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, బగ్ నేరుగా ప్రొడక్షన్ కోడ్‌లో మెర్జ్ అయిపోయింది, రోల్‌బ్యాక్ లేదు!

భయపడ్డారా? ఆగండి, మంచి వార్త చెప్తా. హెచ్‌పీవీ సోకిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి రెండేళ్లలోపు బాడీయే దాన్ని క్లియర్ చేసేస్తుంది. హై రిస్క్ టైపు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతేనే ప్రమాదం. అప్పుడు కూడా క్యాన్సర్ అవడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. అంటే పట్టుకోడానికి మనకి బోలెడంత టైముంది. అయినా మన దేశంలో ఏటా లక్షకి పైగా ఆడవాళ్లకి ఈ క్యాన్సర్ వస్తోంది, డెబ్భై వేలకి పైగా చనిపోతున్నారు. ఎందుకంటే టెస్టు చేయించుకునేవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు అసలు పాయింట్. మీ అక్కకో, వదినకో "హెచ్‌పీవీ పాజిటివ్" అని రిపోర్ట్ వచ్చింది. ఇంట్లో రెండు మాటలు వినపడతాయి.

మొదటిది, "ఎవరి నుంచి వచ్చింది?" అని అనుమానం. అబ్బాయిలూ, ఇది మీకే. శృంగారంలో పాల్గొన్న వాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, మగవాళ్లకి కూడా. ఏళ్లపాటు ఏ లక్షణం లేకుండా ఉండగలదు. కాబట్టి ఎప్పుడొచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అని ఏ రిపోర్టూ చెప్పలేదు. అది వైరస్ రిపోర్ట్, క్యారెక్టర్ సర్టిఫికెట్ కాదు.

రెండోది, "గర్భసంచి తీసేయించుకుంటే పీడా పోతుంది" అనే సలహా. గర్భసంచి ఆపరేషన్లు దేశంలో బాగా ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చూపిస్తున్నాయి. పాజిటివ్ ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదండీ. ముందు అడగాల్సింది "ఏ టైపు?" అని. 16 లేదా 18 అయితే సాధారణంగా కాల్పోస్కోపీ చేస్తారు, అంటే గర్భాశయ ముఖద్వారాన్ని లెన్స్‌తో పెద్దగా చేసి చూడటం. వేరే టైపు అయితే పాప్ స్మియర్ లాంటి ఇంకో టెస్ట్ చేసి, దాన్నిబట్టి డాక్టర్ చెప్తారు. క్యాన్సర్‌కి ముందు దశ కనిపించినా, చాలావరకు ఆ కొంచెం భాగాన్నే కాల్చేసో, తీసేసో సరిచేస్తారు. గర్భసంచి అలాగే ఉంటుంది.

ఇక వ్యాక్సిన్. 2009లో మన ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి ఇచ్చిన ట్రయల్ గుర్తున్నవాళ్లు ఇప్పటికీ భయపడతారు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకి వ్యాక్సిన్ కారణం కాదని ఎంక్వైరీలో తేలింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించడం తప్పే, పార్లమెంట్ కమిటీ కూడా గట్టిగానే తప్పుపట్టింది. ఆ కోపం న్యాయం. అయితే అది అనుమతి తీసుకున్న పద్ధతి మీద, వ్యాక్సిన్ మీద కాదు. 2023లో మన సీరం ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన సర్వావ్యాక్ ఆపేది ఏ టైపుల్నో తెలుసా? మొదట్లో చెప్పిన ఆ నాలుగే! 9 నుంచి 14 ఏళ్ల మధ్య, అంటే వైరస్ తగలకముందే వేయిస్తే బాగా పనిచేస్తుంది. వయసు దాటితే డాక్టర్‌ని అడగండి. ఆల్రెడీ సోకినదాన్ని మాత్రం వ్యాక్సిన్ పోగొట్టదు.

వ్యాక్సిన్ అన్ని టైపుల్నీ ఆపదు కాబట్టి, వేయించుకున్నవాళ్లకి కూడా 30 దాటాక స్క్రీనింగ్ కావాలి. నెలసరుల మధ్యలో, కలయిక తర్వాత, లేదా నెలసరి పూర్తిగా ఆగిపోయాక రక్తం కనిపిస్తే వయసుతో పని లేదు, వెంటనే డాక్టర్ దగ్గరకి వెళ్లాలి.

ఈ ఎపిసోడ్ ఫ్రెండ్స్ గ్రూప్‌లో తర్వాత పెడుదురుగానీ, ముందు మీ అమ్మకి పంపండి. పంపి, "అమ్మా, ఈ టెస్ట్ ఎప్పుడైనా చేయించుకున్నావా?" అని అడగండి. లేదు అంటే, ఈ నెలలోనే మీరే తీసుకెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!